చిలికా సరస్సు: జీవావరణ వ్యవస్థకొక చారిత్రక నిదర్శనము

నేటి గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1వ తేదీ వరకు మద్రాసు రాజధానిలో నుండెను. ఆనాడు ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడగా సరిహద్దు మారినది గాని, ఈ తీరమున వల వేసి బ్రతుకు తెలుగువారి వృత్తి మారలేదు. జాలరులు, వాడబలిజలు మొదలగు వీరిని ఒడియా సోదరులు నోలియాలందురు. గోపాలపురము మొదలు పూరీ వరకు వీరి పల్లెలు కలవు. వీరు సముద్రమునను, చిలికా మొగ సమీపమునను చేపలు పట్టుదురు. ఈ సరస్సు చరిత్రను పరిశీలించినచో జీవావరణ శాస్త్రపు మూలసూత్రములు ఒక్కచోట గోచరించును.

1866లో జర్మను పండితుడు హెకెల్ ఈ శాస్త్రమునకు నామకరణము చేసెను. 1927లో ఆంగ్లేయుడు చార్లెస్ ఎల్టన్ ఆహారపు గొలుసును విపులముగా వివరించెను. 1935లో టాన్స్లీ జీవులను, వాని చుట్టునుండు నీరు, మన్ను, గాలి, ఎండలనుండి విడదీయక ఒకే వ్యవస్థగా గ్రహింపవలెనని ప్రతిపాదించెను. అదియే జీవావరణ వ్యవస్థ. దీనికి ఇరువది యేండ్ల ముందే, 1915లో, కలకత్తా ఇండియన్ మ్యూజియమువారు చిలికా జంతుజాలమును గూర్చి అన్నన్‌డేల్, కెంప్ పండితుల పరిశోధనలను ప్రకటింప నారంభించిరి.

ఈ వ్యవస్థ కూర్పు మెట్లు మెట్లుగా నుండును. ఒకే జాతి ప్రాణులన్నియు ఒక జనాభా. పలు జాతుల జనాభాలు కూడి ఒక సముదాయము. సముదాయమును జడప్రకృతియు కలిసి వ్యవస్థ. చిలికాలో నాచు, నీటిగడ్డి ఎండవెలుగుతో ఆహారము వండుకొనును. సూక్ష్మజంతువులు నాచును, చిన్నచేపలు సూక్ష్మజంతువులను, పండుగప్ప చిన్నచేపలను తినును. డాల్ఫిను, పక్షులు వానిపై ఆధారపడును. చచ్చినవానిని సూక్ష్మజీవులు కుళ్ళజేసి సారమును మరల నీటికి చేర్చును. సారము ఇట్లు చక్రమువలె తిరుగును. శక్తి మాత్రము తిరిగి రాదు. ఒక మెట్టునుండి పై మెట్టునకు సుమారు పదవవంతు శక్తియే చేరును. కనుకనే చిన్నచేపలు రాసులుగాను, పండుగప్పలు కొలదిగాను దొరకును.

చిలికాకు రెండు ప్రాణాధారములు. మహానది పాయలైన దయా, భార్గవి మొదలగునవి మంచినీటిని, ఒండ్రును తెచ్చును. మొగద్వారా సముద్రము ఉప్పునీటిని పంపును. వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లుండు సరస్సు వర్షకాలమున 1,165 వరకు విస్తరించును. రొయ్య సముద్రములో పుట్టి, పిల్లగా సరస్సున జొచ్చి, పెరిగి, గ్రుడ్లిడుటకు మరల సముద్రమునకేగును. మొగ మూసికొనినచో ఈ రాకపోకలు నిలిచిపోవును.

జరిగినదియు అదియే. 1981లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా రామ్సార్ జాబితాకెక్కిన చిలికా, 1993లో ప్రమాదస్థితిలోని నేలల పట్టికలో చేరెను. ఇసుక మేటవేసి మొగ ఇరుకగుటచే ఉప్పుదనము తగ్గినది; మంచినీటి కలుపు వ్యాపించినది. రొయ్యల చెరువులకై కట్టిన గట్లు నీటిదారులకు అడ్డుపడినవి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, చిలికా, పులికాట్ సరస్సులకు వేయి మీటర్ల లోపల రొయ్యల చెరువులు కూడదని తీర్పు చెప్పెను.

2000 సెప్టెంబరు 23న సిపకుడా వద్ద క్రొత్త మొగ త్రవ్వబడెను. 1999-2000లో సుమారు 1,700 టన్నులైన రాబడి 2001-02 నాటికి సుమారు 12,000 టన్నులకు పెరిగెను. కలుపు వెనుకంజ వేసెను. 2002లో చిలికా ఆ ప్రమాద పట్టికనుండి తొలగింపబడెను. ఒక్క ద్వారము తెరచుటచే నీరు, గడ్డి, రొయ్య, జాలరి అందరి స్థితియు మారినది. వ్యవస్థయను మాటకు ఇంతకంటె స్పష్టమైన వ్యాఖ్యానమేమి కావలెను? అయినను ఇసుక కదలిక ఆగదు. కావున మొగపై నిఘాయు ఆగరాదు.

ఒకనాడు నా తరగతిలో నల్లబల్లపై ‘మొగ’ యని వ్రాసి అర్థమడిగితిని. పట్టణపు పిల్లలు పూమొగ్గ యనుకొనిరి. జాలరిపల్లె నుండి వచ్చిన బాలుడొకడు లేచి, "అయ్యవారూ, ఏరు సముద్రంలో కలిసే చోటండి" యని, పోటు వచ్చినప్పుడు చేప ఎటు కదలునో కూడ చెప్పెను. ఆనాడు గురువు వాడే.

ఆటు, పోటు, మొగ, ఉప్పుటేరు అను మాటలలో మన పెద్దల తరతరాల పరిశీలన నిక్షిప్తమై యున్నది. మాట పోయినచో దానితో ఆ పరిశీలనయు పోవును. కావున తీరప్రాంతపు ప్రతి తెలుగు బడియు వృద్ధజాలరుల నోట ఈ పదములను సేకరించి, పిల్లలచే వ్రాయించి భద్రపరుపవలెనని విజ్ఞులకు నా మనవి.