సాక్సోఫోను మన మేళములో చేరిన వృత్తాంతము

గుంతకల్లు నుండి నంద్యాలకు పోవు రైలుమార్గమును, కర్నూలు నుండి దక్షిణమునకు దిగు మార్గమును కలియు చోటనున్న డోన్, పెద్దల నోట నేటికిని ద్రోణాచలమే. ఈ మెట్టసీమ పెండ్లి ఊరేగింపులలో డోలు సన్నాయిలకు తోడుగా బ్యాండుమేళము నడచుట పరిపాటి. ఆ మేళములో మెడకు పట్టీ తగిలించుకొని, అడుగున వంపు తిరిగిన ఇత్తడి వాద్యమును ఒడిసి పట్టుకొని ఊదు సాక్సోఫోను వాద్యకారుని పెండ్లికారు వెనుక నడచు బాలురు సైతము గుర్తింతురు. ఇది ఏ దేశపు వాద్యమో, మన మంగళవాద్యముల పంక్తిలోనికి ఏ త్రోవను వచ్చినదో విచారింపదగిన విషయము.

బెల్జియము దేశీయుడైన అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్ నగరమున దీనికి పేటెంటు పొందెను. సైనిక వాద్యబృందముల పాలబడిన ఈ వాద్యపు అసలు నాదము, అమెరికాలోని నల్లజాతి కళాకారులు చేపట్టిన పిమ్మటనే లోకమునకు తెలిసినది. బిగ్ బ్యాండులని పేరొందిన జాజ్ మేళములలో నాలుగైదు సాక్సోఫోనులు ముందు వరుసన ఉండెడివి. బోస్టనులో 1910లో జన్మించిన హ్యారీ కార్నీ, పదునేడేండ్ల ప్రాయమున 1927లో డ్యూక్ ఎలింగ్టన్ మేళమున చేరి, 1974లో ఆ నాయకుడు కన్నుమూయు వరకు దానిని వీడి పోలేదు. మేళమునకెల్ల అడుగున మంద్రస్థాయిలో పలుకు బారిటోను సాక్సోఫోను ఆయనది. బుగ్గలలో నిలిపిన గాలితో వాద్యమును పలికించుచునే ముక్కుతో ఊపిరి పీల్చి, ఒక్క స్వరమును తెగకుండ సాగదీయు విద్య ఆయనకు కరతలామలకము. నాగస్వర మేళమున ఒత్తు ఊదువాడు శ్రుతిని తెగనీయకుండుటను ఎఱిగినవారికి ఇది వింతగా తోపదు. 1963లో ఆ మేళము భారతదేశమున పర్యటించెను. 1966లో వారు రికార్డు చేసిన ‘ఫార్ ఈస్ట్ సూట్’లో ఆగ్రా పేరిట ఉన్న రచనకు కార్నీ సాక్సోఫోనే ప్రాణము. నాయకుడు పోయిన అయిదు నెలలు నిండకమునుపే ఆయనయు కీర్తిశేషుడయ్యెను.

ఆ వాద్యమును మన సంగీతమునకు వశము గావించిన వాడు కద్రి గోపాల్‌నాథ్. ఆ కద్రి మంగుళూరులోనిది, మన కదిరి కాదు. దక్షిణ కన్నడ ప్రాంతమున 1949లో నాగస్వర విద్వాంసుని ఇంట పుట్టిన ఆయన, మైసూరు రాజభవనపు బ్యాండులో సాక్సోఫోనును చూచి మోహితుడై, మంగుళూరులో గోపాలకృష్ణ అయ్యరు వద్దను, మద్రాసులో టి.వి. గోపాలకృష్ణన్ వద్దను శిష్యరికము చేసెను.

ఆ సాధన ఎంత కఠినమో తెలియవలెనన్న రెండు వాద్యములను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. నాగస్వరమున వ్రేలు నేరుగా రంధ్రముపై ఆనును. దానిని సగము మూసి, కొంచెము జరిపి, స్వరమును స్వరములోనికి జార్చవచ్చును. సాక్సోఫోనున వ్రేలు మీటనే తాకును, రంధ్రమును మూయునది ఆ మీటకు అమర్చిన మెత్త. అది మూసిన మూసినట్లు, తెఱచిన తెఱచినట్లు. కావున తోడి రాగపు గాంధారము ఊగవలెనన్న ఆ భారమంతయు వ్రేళ్ళను వీడి, పెదవి బిగువు మీదను, ఊపిరి మీదను పడును. త్యాగరాజ కీర్తనల తెలుగు పలుకులకు తగిన విఱుపులను ఆ ఇత్తడి గొట్టమున పలికించుటకు ఆయన ఏండ్ల తరబడి శ్రమించెను. లోహవాద్యమున గమకము పొసగదన్న ఆక్షేపణకు ఇంతకంటె గట్టి సమాధానము లేదని నా నిశ్చయము.

1980లో బొంబాయి జాజ్ యాత్రోత్సవమున అమెరికను సాక్సోఫోను విద్వాంసుడు జాన్ హ్యాండీతో కలసి ఆయన వాయించుటతో, పుట్టినింటి జాజును మెట్టినింటి కర్ణాటకమును ఒకే వేదికపై కలిసినవి. 1994లో లండను రాయల్ ఆల్బర్ట్ హాలులోని ప్రామ్స్ ఉత్సవమున ఆయన కచేరి జరిగెను. 2004లో పద్మశ్రీ లభించెను. 2019 అక్టోబరు 11న మంగుళూరులో ఆయన పరమపదించెను.

ఈ గౌరవములన్నిటిలో మనకు మిక్కిలి చేరువైనది వేఱొకటి కలదు. డోన్ ఉన్న నంద్యాల జిల్లాలోనే నల్లమల నడుమ అహోబిలము కలదు. అచ్చట వెలసిన మఠపు ప్రథమాచార్యుడైన ఆదివన్ శఠకోపయతియే అన్నమాచార్యునకు వేదాంత గురువని సంప్రదాయము. ఆ అహోబిల మఠమే కద్రి గోపాల్‌నాథుని తన ఆస్థానవిద్వాంసునిగా వరించినది.