మ్యూజియంలో సోర్స్ కోడ్

మ్యూజియం అనగానే మనకి కత్తులు, కుండలు, రాతి విగ్రహాలే గుర్తొస్తాయి. న్యూయార్క్ లోని కూపర్ హ్యూయిట్ డిజైన్ మ్యూజియం మాత్రం 2013లో ఒక ఐప్యాడ్ యాప్ ని తన సేకరణలో చేర్చుకుంది. పేరు ప్లానెటరీ. 2011లో వచ్చిన ఈ యాప్ మన పాటల్ని ఆకాశంలా చూపించేది. గాయకులు నక్షత్రాలు, ఆల్బమ్ లు గ్రహాలు, పాటలేమో వాటి చుట్టూ తిరిగే చందమామలు.

మరి దీన్ని దాచడం ఎలా? ఐప్యాడ్ ని అద్దాల బీరువాలో పెడితే చాలదా? చాలదు. బ్యాటరీ చస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్ మారిపోతుంది. అందుకని మ్యూజియం వాళ్ళు ఏకంగా సోర్స్ కోడే తీసుకుని, ఓపెన్ సోర్స్ లైసెన్సుతో గిట్‌హబ్ లో పెట్టేశారు. అక్కడితో ఆగకుండా, యంత్రం చదవగలిగే ఫాంటులో, చాలాకాలం మన్నే కాగితం మీద కోడ్ ముద్రించి మరీ దాచారు!

అనుకున్నట్టే కొత్త ఐప్యాడ్లలో ఆ యాప్ పనిచేయడం మానేసింది. 2020లో ఒక బయటి డెవలపర్ ఆ కోడ్ ని సరిచేసి మళ్ళీ నడిపించాడు. తాళం వేసి దాచుంటే ఇది జరిగేదా?

ఇంతకీ, పదేళ్ళ క్రితం మనం రాత్రుళ్ళు మేలుకుని రాసిన కోడ్ ఇప్పుడెక్కడుంది? ఉన్నా, దాన్ని బిల్డ్ చేయగలిగేవాళ్ళు ఎవరైనా మిగిలారా?