పండుగకు ముందు నాలుగు వారాలు

డిసెంబరు నెల వచ్చిందంటే క్రైస్తవుల ఇళ్ళల్లో ఆడవాళ్ళకి క్షణం తీరిక ఉండదు. గోడలకి సున్నాలు వేయించడం, దర్జీ చుట్టూ తిరగడం, అరిసెలకి బియ్యం నానబోయడం, గుమ్మానికి నక్షత్రం కట్టించడం – ఇవన్నీ అయ్యేసరికి పండుగ రానే వస్తుంది. తీరా గుడిలో కూర్చుంటే కునికిపాట్లు! ఇది నేను ఎవరినో ఉద్దేశించి అంటున్న మాట కాదు, నా సంగతే.

కొన్నేళ్ళ క్రితం పండుగకి రెండు రోజుల ముందు, పొయ్యిమీద పాకం ఉండగా ఒక ముసలమ్మ వాకిట్లోకి వచ్చి, "చలికి ఓర్వలేకుండా ఉన్నానమ్మా, పాత దుప్పటేదైనా ఉంటే ఇప్పించు తల్లీ" అంది. "పనుల్లో ఉన్నాం, పండగ వెళ్ళాక రా అవ్వా" అన్నాను. ఆవిడ మళ్ళీ రాలేదు. పాకం మాత్రం చక్కగా కుదిరింది. క్రిస్మస్ ముందరి ఈ రోజుల్ని పెద్దలు అసలు ఎందుకు ఏర్పాటు చేశారో తెలుసుకోవాలని నాకు అప్పుడే అనిపించింది. తెలుసుకున్నది మీకూ చెబుతాను.

ఈ రోజుల్ని తెలుగులో ఆగమన కాలం అంటారు. ఇంగ్లీషులో అడ్వెంట్. దీనికి మూలం లాటిన్ భాషలోని 'అద్వెంతుస్', అంటే రాక. రోమను చక్రవర్తి ఒక నగరానికి విచ్చేయడాన్ని కూడా ఆ మాటతోనే చెప్పేవారు. రాజు వస్తున్నాడంటే ఊరు ఊరంతా బాగుచేసుకుంటారు గదా! అయితే క్రైస్తవులు ఎదురుచూసిన రాజు పశువుల తొట్టిలో పుట్టినవాడు. ఆయన కోసం బాగుచేయవలసింది వీధులు కాదు, మనసులు.

క్రిస్మస్‌ను డిసెంబరు 25న జరుపుకోవడం నాలుగో శతాబ్దంలో రోములో కనిపిస్తుంది. 380లో స్పెయిన్‌లోని సరగోసా నగరంలో బిషప్పులు సమావేశమై, డిసెంబరు 17 నుంచి జనవరి 6 దాకా 21 రోజులు ఎవ్వరూ దేవాలయానికి రాకుండా ఉండకూడదని కట్టడి చేశారు. తర్వాత శతాబ్దంలో, ఇప్పటి ఫ్రాన్సు దేశంలోని టూర్స్ నగరానికి పెర్పెత్యూస్ అనే ఆయన బిషప్పుగా ఉండగా ఒక ఏర్పాటు జరిగింది. నవంబరు 11 నుంచి క్రిస్మస్ వరకూ వారానికి మూడు రోజులు ఉపవాసం ఉండాలన్నదే ఆ ఏర్పాటు.

ఆ నవంబరు 11 ఎవరి రోజో తెలుసునా? మార్టిన్ అనే భక్తునిది. ఆయన సిపాయిగా ఉన్న రోజుల్లో, గడగడ వణికే చలిలో ఊరి ద్వారం దగ్గర ఒక బిచ్చగాణ్ణి చూశాడట. కత్తితో తన పైవస్త్రాన్ని రెండుగా కోసి ఒక ముక్క అతనికి కప్పాడట. తర్వాత ఆయనే టూర్స్‌కి బిషప్పు అయ్యాడు. క్రిస్మస్ ఉపవాసాలు మొదలయ్యే రోజు చలికి దుప్పటి పంచిపెట్టినవాడి రోజు! ఇది చదివినప్పుడు నాకు మా వాకిట్లో నిలబడ్డ అవ్వ గుర్తొచ్చి సిగ్గు వేసింది.

రానురాను రోములో ఈ కాలం నాలుగు ఆదివారాలకి స్థిరపడింది. ఇటలీలోనే ఉన్న మిలాను సంఘంలో మాత్రం నేటికీ ఆరు వారాలు. కేరళలో సిరియన్ క్రైస్తవులు డిసెంబరు 1 నుంచి పండుగదాకా మాంసం, చేపలు ముట్టకుండా నోము పడతారు. మన తెలుగునాట రోమన్ కాథలిక్, లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాలు నాలుగు ఆదివారాలు పాటిస్తాయి.

ఇక వంటింటికి సంబంధించిన ముచ్చట ఒకటి చెబుతాను. ఇంగ్లండులో ఆగమన కాలానికి ముందు వచ్చే ఆదివారం నాడు చదివే ప్రార్థన 'కదిలించు' అనే మాటతో మొదలవుతుంది. మంచి పనులు ఫలించేలా మా మనసుల్ని కదిలించమని దేవుణ్ణి వేడుకోవడం అది. ఆ మాట విన్న ఇల్లాళ్ళకి క్రిస్మస్ పుడ్డింగు కలిపే వేళైందని గుర్తొచ్చేదట! ఇంటికి వెళ్ళి పిండి కలుపుతుంటే, పిల్లలతో సహా ఇంట్లో ప్రతి ఒక్కరూ గరిటె పట్టుకుని ఒకసారి తిప్పేవారు. చూశారా, అక్కడ వంటా ప్రార్థనా ఒకదానికొకటి అడ్డం రాలేదు. గరిటె తిప్పడమే ప్రార్థనని గుర్తుచేసింది.

జర్మనీలో హాంబర్గు నగరంలో యోహాన్ విఖర్న్ అనే లూథరన్ పాస్టరుగారు 1833లో బీదపిల్లల కోసం ఒక ఆశ్రమం పెట్టారు. డిసెంబరు వస్తే "పండగ ఇంకెన్ని రోజులు?" అని పిల్లలు ఆయన ప్రాణం తీసేవారు. 1839లో ఆయన ఒక బండిచక్రం తెచ్చి, దానిచుట్టూ కొవ్వొత్తులు నిలబెట్టారు. మామూలు రోజులకి చిన్నవి, ఆదివారాలకి పెద్దవి. రోజుకొకటి వెలిగిస్తూ ప్రార్థన చేసేవారు. ఈనాడు చాలా దేవాలయాల్లో కనిపించే పచ్చని ఆకుల చక్రం, దానిమీది నాలుగు కొవ్వొత్తులు దాన్నుంచి వచ్చినవే. ముందుగా ఆ వెలుగు చూసింది దిక్కులేని పిల్లలు.

చూడగా చూడగా నాకు అర్థమైంది ఇదీ. ఉపవాసం, ప్రార్థన, పేదవాడికి పంచడం – ఈ మూడూ పండుగకి తయారు కావడమే. మనం పిండివంటలు మానక్కర్లేదు. పిల్లలు మాననివ్వరు కూడాను! కానీ వారానికొక పూట ఉపవాసం ఉండి, ఆ పూటకి అయ్యే బియ్యం ఒక డబ్బాలో వేసి, నాలుగు వారాలయ్యాక లేనివాళ్ళకి ఇవ్వచ్చు. సాయంత్రం దీపం పెట్టి పిల్లలతో అయిదు నిమిషాలు మౌనంగా కూర్చోవచ్చు. మాట్లాడటం మానేసిన తోడికోడలికి ఒక ఉత్తరం రాయచ్చు.

మా ఇంట్లో ఇప్పుడు నవంబరు ఆఖర్లోనే పెట్టె తెరిచి, దుప్పట్లు ఉతికి వాకిటి పక్క గదిలో సిద్ధంగా ఉంచుతున్నాను. ఆ అవ్వ రాలేదు. ఇంకెవరో వస్తూనే ఉన్నారు. పొయ్యిమీద పాకం ఉంటే దింపి మరీ వెళుతున్నాను. పాకం మళ్ళీ పెట్టుకోవచ్చు.