కాలందినవాడే చోదకుడు

మెట్టపల్లెలలో బండి నడుపువాని వయస్సెంతయని అడుగు ఆచారము ఏనాడును లేదు. పగ్గములు చేతబట్టి ఎద్దులను అదలింపగలిగిన పిల్లవాడు బండి తోలెను. గేదె వీపుపైకి ఎగబ్రాకగలిగినవాడు మందను చెరువునకు తోలుకొనిపోయెను. ఈ రెంటికిని పుట్టినతేదీ పత్రమును ఎవరును కోరలేదు. తరువాత యంత్రవాహనములు వచ్చినపుడును యోగ్యతను తేల్చినది పిల్లవాని కాలి పొడవేగాని పంచాంగము గాదు. "కాలందుద్దా అబ్బయా?" అను ఒక్క ప్రశ్నతో ముగియు పరీక్ష అది. హనుమంతునిపాడు మొదలుకొని మార్కాపురము, గిద్దలూరు వరకు గల పల్లెలలో నేడు పదుమూడు పదునాలుగేండ్ల బాలురు తలకు ఏ రక్షణయు లేక మోటారుసైకిళ్లు నడుపుచుండుటను చూచి, ఇది ఈ కాలపు పిల్లల దుడుకుతనమని నిందించువారితో నేను ఏకీభవింపజాలను. ఆచారము పాతదే, దాని క్రింది వాహనము మాత్రము మారిపోయినది.

హనుమంతునిపాడును హెచ్.ఎం.పాడని జనము ముద్దుగా కుదించి పిలుచుకొను ఈ సీమ ఏ మహానగరమునకును చేరువ గాదు. కనిగిరి తాలూకా నెల్లూరు జిల్లాకును, మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాకును కొసలుగా నుండి, 1970 ఫిబ్రవరి 2వ తేదీన ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు ఒక్కగూటికి చేరి, 1972లో ప్రకాశము పంతులుగారి పేరు ధరించిన ఆ జిల్లాలోను మరల పడమటి కొసగానే మిగిలినవి. గుంటూరు గుంతకల్లుల నడిమి మీటరుగేజి రైలుమార్గము పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశలలోనే మార్కాపురము, కంభము, గిద్దలూరులను తాకినను, కనిగిరి వైపు పల్లెలకు ఇరువదవ శతాబ్దము ముగియువరకును రైలుకూత వినబడలేదు. సజ్జయు కందియు ఆముదమును పండు నేలలపై రాకపోకలన్నియు కాలినడకనో ఎద్దుబండిపైననో సాగవలసివచ్చెను.

ఎద్దుబండి విషయమున మనము మరచిన సంగతి యొకటి కలదు. తోలువాడు పిల్లవాడైనను, బండికి బుద్ధి చెప్పునది ఎద్దు. సంతనుండి మరలివచ్చుచు నొగలపై కునుకుదీసిన కుర్రవానిని ఒంగోలు గిత్తలు వాకిటికి తెచ్చి దింపిన ముచ్చట వినని ఊరుండదు. గోతిని చూచి ఆగునది, ఎదురుబండికి ప్రక్కకు తప్పుకొనునది, చీకటిలో దారి యెరుగునది ఎద్దే గనుక, బాలునిలో కొరవడిన వివేకమును వాహనమే సమకూర్చుచుండెను. ఆ వివేకము ఎద్దుతోనే పోయినది. ఎద్దుబండి నేర్పిన ధీమా మాత్రము తండ్రులలో నిలిచిపోయినది.

నడుమ సైకిలు వచ్చెను. ఆసనముపై కూర్చున్నచో పాదములు తొక్కుడుబిళ్లలకు అందని పిల్లవాడు, పైకడ్డీ క్రింది సందులో ఒక కాలు దూర్చి, దేహమంతయు ఒకవైపునకు వంచి, సగము సగము తొక్కుచు వీధులు తిరుగుట మా తరమువారికందరికిని తెలిసినదే. అద్దెసైకిళ్ల అంగడివాడు గంటకింతయని తీసికొని, పిల్లవాని పేరును తండ్రి పేరును పుస్తకమున వ్రాసికొని, ఎక్కుటకు వీలుగా సైకిలును అరుగు ప్రక్కకు జరిపి పట్టుకొనెడివాడు. పట్టణములలో ఏటేట పన్ను కట్టి బిళ్ల బిగించుకొనవలసియుండెను. రాత్రివేళ దీపము లేకున్నను, ఇరువురెక్కినను పోలీసులు ఆపెడివారు. వయస్సునకై ఆపినవారు లేరు. పడినవానికి మోకాలిచిప్ప దోకుకొనిపోవుట, ఇంటికి పోయి తిట్లు తినుట, ఇంతకు మించిన శిక్ష అరుదు. పడినగాని నేర్వరాదను సిద్ధాంతము ఈ సైకిలు నాటిదేయని నా అనుమానము.

1972లో లూనా, 1980లో హోసూరునుండి టీవీయస్ 50 వెలువడిన పిమ్మట ఈ రెండు యుగములకును వంతెన ఏర్పడెను. తొక్కుడుబిళ్లలుండుటచేత అది సైకిలువలె కనబడెను. పెట్రోలుతో నడచుటచేత మోటారువలె పరుగెత్తెను. పాలబిందెలకు, గడ్డిమోపులకు, ఎరువుబస్తాలకు అది ఒదిగిపోగా పల్లెవాసులు దానిని యంత్రముగా గాక ఇంటి పనిముట్టుగా ఎంచిరి. 1939 నాటి మోటారు వాహనముల చట్టమే పదునెనిమిదేండ్లు నిండనివాడు బహిరంగస్థలమున మోటారు నడుపరాదని శాసించియుండెను. 1989 జూలై 1న అమలులోనికి వచ్చిన 1988 చట్టము, గేరులేని మోటారుసైకిళ్లను పదునారేండ్లవారు నడుపవచ్చునని సడలింపునిచ్చెను. పదునారేండ్లకు చట్టము తెరచిన ఆ చిన్న తలుపును పల్లెటూరు పదేండ్లకే తోసికొని లోపలికి పోయినది.

1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండరు ఈ కథను మలుపు త్రిప్పినవి. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరము పోవు బండి, వాయిదాలపై దొరకు అప్పు, 2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన మున్నగువానిచే మెరుగుపడిన తారుదారులు, ఇవన్నియు కలిసివచ్చి పేదయింటి ముంగిట గూడ మోటారుసైకిలు నిలిచెను. మట్టిబాటలో బండి వేగమును గోతులే అదుపుచేసెడివి. తారుబాటపై ఆ అదుపును చేయి నేర్వవలెను. గంటకు 40 కిలోమీటర్లనుండి 60కి వేగము పెరిగినపుడు తాకిడిశక్తి సగము గాదు, రెండింతలను మించి పెరుగునన్న లెక్కను ఎనిమిదవ తరగతి బాలునికి ఎవరును చెప్పరు. చెప్పినను పెట్రోలుట్యాంకుపైకి జరిగి కూర్చుండి, ఎడమకాలి బొటనవ్రేలితో నేలను వెదకుచున్నవానికి అది చెవికెక్కదు.

ఆ బాలుడు సరదాకే ఎక్కునని తలచుట సగము సత్యము. కనిగిరి పరిసరముల భూగర్భజలమున ఫ్లోరైడు మెండు. పండ్లపై గారలు, వంగిన ఎముకలు ఇచ్చటి పాతతరమున కనబడు గుర్తులు. బోరునీరు త్రాగరాదు గనుక శుద్ధజలపు కేంద్రమునుండి ఇరువదిలీటర్ల డబ్బాలు తెచ్చుకొనవలెను. ఒక డబ్బా కాళ్లమధ్యను, మరొకటి వెనుక ఆసనముపైన త్రాటితో బిగించుకొని, రెండుకాళ్లతో కిక్కుపై నిలుచుండి దేహభారమంతయు మోపినగాని బండి అంటుకొనని పిల్లవానిని చూచినపుడు, వీని బరువుకన్న నీటి బరువే హెచ్చుగదా యనిపించును. తల్లిదండ్రులు బేల్దారి పనులకై హైదరాబాదునకో బెంగుళూరునకో వలసపోగా, అవ్వతాతల యొద్ద మిగిలిన ఇంటిలో బండి నడుపగల మగవాడు వీడొక్కడే. పాలకేంద్రమునకు వీడే, మందులకు వీడే, బస్సు తప్పినచో చెల్లెలిని ఉన్నతపాఠశాలకు దింపుటకును వీడే. ప్రభుత్వము బడికొస్తా పథకము క్రింద బాలికలకు సైకిళ్లిచ్చెను. దూరము బాలురకును అంతే యన్న మాటను మాత్రము ఎవరును పట్టించుకొన్నట్లు లేదు.

హెల్మెట్టు చరిత్ర వేరొక దారిన నడచినది. 1935 మే నెలలో ఇంగ్లండున, సైకిళ్లపై నున్న ఇరువురు బాలురను తప్పింపబోయి మోటారుసైకిలునుండి పడిన మాజీ సైనికాధికారి టి.ఇ. లారెన్సు ఆరు దినములకు మరణింపగా, ఆయనకు చికిత్స చేసినవారిలో నొకడైన నరముల శస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్సు ఆ మృత్యువును మరువలేక, తలగాయముల నివారణలో హెల్మెట్టు ప్రయోజనమును 1941లో వైద్యలోకమునకు చాటెను. మన దేశమున 1977లో పాతచట్టమునకు చేర్చిన సవరణ దీనిని విధించెను. ఆంధ్రప్రదేశమున అది జంటనగరములలో అమలగునపుడు, సంచారస్వేచ్ఛకు భంగమని వాదించుచు అజయ్ కాను అనునతడు వేసిన వ్యాజ్యమును 1988లో సుప్రీంకోర్టు త్రోసిపుచ్చెను. అనగా హెల్మెట్టు మన రాష్ట్రమున నగరపు నిబంధనగా పుట్టినది. పల్లెకు అది పోలీసు భయముగానే చేరినది.

అందుచేతనే ఇంటనున్న ఒక్క హెల్మెట్టు కనిగిరికో ఒంగోలుకో పోవునాడు అద్దమునకు తగిలించుకొనిపోబడి, తనిఖీ కనబడిన చోట తలకెక్కి, ఊరిపొలిమేర చేరగనే మరల దిగును. పిల్లవానికి అది పెట్టినను వదులై, దెబ్బ తగులుటకు ముందే ఎగిరిపోవును. ఐఎస్ఐ గుర్తుండుటతోడ తలకు సరిపడు కొలతయు, గడ్డము క్రింద బిగిసిన పట్టీయు నున్నపుడే లోపలి మెత్తనిపొర నలిగి తాకిడిని మ్రింగగలదు. సరిగా ధరించినచో మరణాపాయము సుమారు 40 శాతము, తీవ్రమైన తలగాయము సుమారు 70 శాతము తగ్గునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పినది. 2022లో దేశమున రోడ్డుప్రమాదములలో మరణించిన 1,68,491 మందిలో 50,029 మంది హెల్మెట్టు లేనివారు.

2019 సెప్టెంబరు 1నుండి చట్టము మరింత కఠినమైనది. మైనరు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకునికో యజమానికో మూడేండ్లవరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దు. ఆ బాలునికి ఇరువదియైదేండ్లవరకు లైసెన్సు దొరకదు. నాలుగేండ్లు దాటిన ప్రతివారును, వెనుక కూర్చున్నను, హెల్మెట్టు ధరింపవలెను. కూలితండ్రికి ఆ జరిమానా ఒక కారు పంట. జైలన్నచో కుటుంబమే వీధిపాలు. ఇంతటి శిక్షను వ్రాసిన ప్రభుత్వమునకు, బడివేళకు ఒక బస్సును, ప్రతి పల్లెకును త్రాగునీటి కుళాయిని సమకూర్చు బాధ్యతయు అంతే గట్టిగా వ్రాసికొనవలసిన పని కలదని నా అభిప్రాయము. ఆ బస్సు వచ్చువరకు తండ్రులకు నా మనవి యొక్కటే: పిల్లవాని కాలు నేలకందినదని మురిసిపోక, గోడమేకుకు వ్రేలాడు తాళపుచెవిని తీసి మీ రొంటిని దోపుకొనుడు.