ఇసుకలో దిద్దిన ఓనమాలు

పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టుకుని అక్షరం దిద్దిస్తాం. బెంగళూరు తెలుగిళ్ళలో ఈ వేడుక ఈనాటికీ జరుగుతూనే ఉంది. కాని చాలా ఇళ్ళలో ఆ రోజు దిద్దిన తెలుగు అక్షరాలే మొదటివీ, చివరివీ కూడా. ఆ తర్వాత బిడ్డ ఇంగ్లీషు బడికి పోతాడు. అక్కడ కన్నడం కూడా నేర్చుకుంటాడు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు, రాయలేడు. బడిలో చెప్పని చదువు ఇంట్లో మనమేం చెప్పగలమని తల్లిదండ్రులు వెనకాడతారు. అయితే ఇంటి చదువు మనకు కొత్తేమీ కాదు. రెండు వందల ఏళ్ళ నాటి సర్కారు కాగితాలే అందుకు సాక్ష్యం.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, తన ఏలుబడిలో ఎన్ని బడులున్నాయో, ఎందరు చదువుతున్నారో లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. ఆ లెక్కలన్నీ కూడి 1826 మార్చి 10న తన అభిప్రాయం రాశాడు. మొత్తం 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. మద్రాసు నగరంలో ఇంటి దగ్గరే చదువుకుంటున్న పిల్లలు 26 వేలకు పైగా ఉన్నారనీ, అది బడి పిల్లల సంఖ్యకు అయిదు రెట్లనీ లెక్క తేలింది. ఆ అంకెలో ఏదో పొరపాటు ఉండవచ్చని మన్రోకే సందేహం కలిగింది. అయినా బంధువులో, ఇంటికి వచ్చే అయ్యవార్లో పిల్లలకు చదువు చెప్పడం ఏ ప్రాంతంలోనూ అరుదు కాదని ఆయన ఒప్పుకున్నాడు.

బెంగళూరు అప్పుడు మైసూరు సంస్థానంలోది కనుక ఈ లెక్కలోకి రాలేదు. మనకు దగ్గర సాక్ష్యం బళ్ళారి జిల్లాది. నేడు బెంగళూరులో ఎందరో తెలుగువారికి పుట్టిళ్ళయిన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం 1882 దాకా ఆ జిల్లాలోవే. అక్కడి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన పండితుడు. ఆయన 1823 ఆగస్టు 17న పంపిన నివేదికలో జిల్లాలోని బడులు 533. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. రెండు భాషలూ ఇంచుమించు సరిసమానంగా, పక్కపక్కనే నడిచాయన్నమాట.

చదువు చెప్పే తీరును కూడా క్యాంబెల్ వివరంగా రాశాడు. అయిదో ఏట గణపతి పూజ చేసి, బియ్యంలో అక్షరం దిద్దించేవారు. మర్నాటి నుంచి నేల మీద ఇసుకలో వేలితో రాయడమే పని. యూరపులో పిల్లలు అక్షరాలను ముందు నోటితో వల్లించేవారు. మన పిల్లలు రాస్తూ నేర్చుకునేవారు. చేయి కుదిరాక పలక ఇచ్చేవారు. మసి పూసి నున్నగా చేసిన చెక్క అది. కన్నడంలో దాన్నే హలగె అంటారు. గంజి పెట్టి, మసి పట్టించి, పుస్తకంలా మడిచిన గుడ్డ మరొకటి. అదే కడితం. వాటి మీద రాసే తెల్లని గట్టి పుల్ల మన బలపమే. తడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ రాసుకోవచ్చు.

ముందు నేర్చిన పెద్దపిల్లలు వెనకవారికి చెప్పడం మరో పద్ధతి. దానివల్ల పెద్దవారి చదువూ గట్టిపడుతుందని క్యాంబెల్ మెచ్చుకున్నాడు. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమంలో ఆండ్రూ బెల్ ఈ ఇసుక రాతనూ, ఈ పద్ధతినీ అమలుచేసి 1797లో లండన్‌లో పుస్తకం అచ్చువేశాడు. ఆ తర్వాత ఇంగ్లండు పేదబడుల్లోనూ పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దారు.

మెచ్చుకున్న క్యాంబెలే లోపాలూ చెప్పాడు. పిల్లలు వల్లించే పద్యాల భాష వేరు, మాట్లాడే భాష వేరు. అర్థం తెలియకుండానే బట్టీ పట్టేవారు. ఆ 533 బడుల్లోని 6,641 మందిలో ఆడపిల్లలు 60 మందే. పైగా ఊళ్ళలో పేదరికం పెరిగి, ఒకప్పుడు బడులున్న చోట్ల అవి మూతబడుతున్నాయని ఆయన విచారించాడు.

ఈ చరిత్ర నుంచి బెంగళూరు తల్లిదండ్రులు తీసుకోవలసింది ఉంది. మొదటిది, ఖర్చులేని సాధనం. పళ్ళెంలో ఇసుకో, బియ్యమో పోసి రోజుకు పది నిమిషాలు దిద్దిస్తే చాలు. రెండోది, ఇంట్లో అక్కో అన్నో ఉంటే చిన్నవాడికి చెప్పే పని వారికివ్వాలి. మూడోది, నాటి లోపాన్ని మనం మళ్ళీ చేయకూడదు. పిల్లవాడు నోటితో అనే మాటలతోనే, అంటే అమ్మ, అవ్వ, పాలు, ఆట వంటి వాటితోనే, రాత మొదలుకావాలి. శతక పద్యాలు తర్వాత నేర్పవచ్చు. ఆనాడు బడి గడప తొక్కని ఆడబిడ్డల వారసులే ఈనాడు చదువుకున్న తల్లులు. నాటి ఇళ్ళకు లేని బలం అది.

కన్నడం అడ్డొస్తుందనే భయం అక్కర్లేదు. రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలే. గ, జ, ద, బ, ల బడిలో నేర్చిన పిల్లవాడికి తెలుగులో సగం దారి నడిచినట్టే. క, త, శ, హ వంటి తేడా ఉన్న అక్షరాలను మాత్రం పక్కపక్కన రాసి చూపాలి. నంజనగూడులో పుట్టి, బెంగళూరు పేరును తన పేరులో నిలుపుకున్న నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని పరిష్కరించి అచ్చువేయించింది. కన్నడ నేల మీద పుట్టినంత మాత్రాన తెలుగు చదువు ఆగలేదు.

ఓపిక మాత్రం కావాలి. గుణింతాలు, ఒత్తులు కలిపితే మన అక్షర రూపాలు వందల్లో ఉంటాయి. కన్నడ పిల్లలపై సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, అక్షరాలు పూర్తిగా పట్టుబడడం నాలుగో తరగతి దాకా సాగుతుందని చూపింది. తెలుగుకూ ఇదే వర్తిస్తుందనుకోవచ్చు. ఆరు నెలల్లో రాలేదని పలక అటక మీద పెట్టేయకూడదు.

మైనారిటీ భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం చెబుతోంది. దాన్ని అడుగుతూనే ఉండాలి. కాని అది చేతికి వచ్చేలోగా బిడ్డ పెద్దవాడైపోతాడు. మాట ఉండి రాత పోయిన ఇంట్లో, తాత రాసిన ఉత్తరాన్ని మనుమడు ఎవరిచేతనో చదివించుకోవాలి. మరో తరానికి దాన్ని దాచుకోవాలన్న తలంపు కూడా ఉండదు. అక్షరాభ్యాసం నాడు పోసిన బియ్యం పళ్ళెాన్ని మర్నాడు కూడా బిడ్డ ముందు పెడదాం.