పెనుకొండసీమ తిరునాళ్లు

దేశచరిత్ర యనగా రాజుల జయాపజయముల పట్టిక యని పలువురు నేటికిని తలంతురు. రాజులు పోయిన పిదప ప్రజలు దేనిని నిలుపుకొనిరో విచారించుటయు చరిత్రయే యని మా యభిప్రాయము. ఇందులకు హిందూపురము, పెనుకొండ, ధర్మవరము గల సీమయే తగిన నిదర్శనము.

1565వ సంవత్సరమున తళ్లికోట యుద్ధములో విజయనగర సైన్యము భగ్నమయ్యెను. తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా జేసికొనెను. పిమ్మట రాజధాని చంద్రగిరికి దరలిపోయెను. నేడచట కోటగోడలును, గగనమహలును చూపరులకు మిగిలినవి. ఆ యూరనే బాబయ్యస్వామి దర్గాలో ఉరుసు ఏటేట జరుగుచునే యున్నది. ముసల్మానులతోపాటు హిందువులును అచట మ్రొక్కుబడులు చెల్లింతురు. తళ్లికోట పోరును రెండు మతముల వైరముగా మాత్రమే బోధించు నుపాధ్యాయులు తమ విద్యార్థులను ఒక్కమా రీ యురుసునకు గొనిపోవుట మేలు.

హిందూపురమునకు జేరువనున్న లేపాక్షిలో వీరభద్రాలయము కలదు. అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ దానిని కట్టించెను. అందలి కల్యాణమండపము పూర్తికాలేదు; కప్పులేని స్తంభము లట్లే నిలిచియున్నవి. అయినను శివరాత్రికి జనము రాక మానరు. ఆ గుడి కప్పున వ్రాసిన చిత్రములలోని వస్త్రముల యంచులును, పువ్వులును ధర్మవరపు పట్టుచీరలకు ఒరవడియైనవి. పండుగలును, పెండ్లిండ్లును లేనిచో ఆ మగ్గములకు పనియే యుండదు.

ఇంతమాత్రమున ప్రాతదెల్ల పూజ్యమని మేము చెప్పము. బాలికలను దేవదాసీలుగా సమర్పించు దురాచారమును మదరాసు ప్రభుత్వము 1947లో శాసనముచే నిషేధించెను. జంతుబలులను మాన్పుటకు 1950లో మఱియొక శాసనము వెలసెను. అనంతపురము జిల్లా అప్పుడా రాష్ట్రములోనిదే. ఒక యాచారమును దీసివేసినచో ఉత్సవమే చెడునని భయపడువారు ఇది గమనింపవలెను: దేవదాసీలు లేకయే రథములు కదలుచున్నవి. బలులు మాత్రము కొన్ని జాతరలలో నింకను మానలేదు. ఆ పని శాసనమునకంటె గృహములలో ముందు జరుగవలసియున్నది.

2022లో ఈ మూడు పట్టణములును శ్రీ సత్యసాయి జిల్లాలో జేరినవి. రాజధానులు మారినవి, జిల్లాలు మారినవి; తిరునాళ్లు నిలిచినవి. మ్రొక్కు పేర మేకను గోయు కత్తిని ఇంటనే విడిచి, పొరుగింటి పిల్లలను, వారే మతమువారైనను, వెంటబెట్టుకొని తిరునాళ్లకు బోవు తల్లిదండ్రులే ఈ చరిత్రకు నిజమైన వారసులు.