ఏడు ద్వారాల శిరస్సు: ప్రాచీన భారత అస్థివిజ్ఞానం

మానవ దేహాన్ని తొమ్మిది ద్వారాల పురంగా భావించడం మన వాఙ్మయంలో అతిప్రాచీన సంప్రదాయం. శ్వేతాశ్వతరోపనిషత్తులోనూ భగవద్గీతలోనూ ఈ భావన కనిపిస్తుంది. ఆ తొమ్మిదింటిలో ఏడు శిరస్సులోనే ఉన్నాయి: రెండు కళ్లు, రెండు చెవులు, రెండు నాసికారంధ్రాలు, నోరు. అథర్వవేదం పదవ కాండలోని రెండవ సూక్తం మడమలతో మొదలుపెట్టి అవయవాలను వరుసగా పేర్కొంటూ, తలలో ఈ ఏడు రంధ్రాలను తొలిచినవాడెవడని ప్రశ్నిస్తుంది. బృహదారణ్యకోపనిషత్తు తలను మూతి కిందికీ, అడుగు పైకీ ఉన్న పాత్రతో పోల్చి, దాని అంచున సప్తర్షులను నిలిపింది. గౌతమ భరద్వాజులు చెవులు, విశ్వామిత్ర జమదగ్నులు కళ్లు, వసిష్ఠ కశ్యపులు నాసికలు, అత్రి వాక్కు.

ఈ ఏడింటికి తోడు నడినెత్తిన మరొక ద్వారం ఉన్నదని ఉపనిషత్తులు భావించాయి. ఐతరేయం దానికి ‘విదృతి’ అని పేరు పెట్టింది. తరువాతి యోగగ్రంథాలలో అది బ్రహ్మరంధ్రంగా ప్రసిద్ధికెక్కింది. ఈ భావనకు శరీరంలో ఒక ఆధారం లేకపోలేదు. పుట్టిన బిడ్డ తలలో కపాలపుటెముకలు పూర్తిగా కలిసి ఉండవు. వెనుకవైపు ఖాళీ రెండు మూడు నెలలలోనూ, ముందువైపు పెద్ద ఖాళీ సుమారు ఏడాదిన్నరకూ మూసుకుంటాయి. తెలుగువారు ‘మాడు’ అని పిలిచి, ఆముదం అద్ది కాపాడుకునే మెత్తని చోటు ఇదే.

భావన నుంచి పరీక్షకు సాగిన అడుగు సుశ్రుత సంహితలో స్పష్టంగా కనిపిస్తుంది. శస్త్రవైద్యుడు గ్రంథంలో చదివినదానిని కంటితో చూచినదానితో సరిపోల్చుకోవాలని శారీరస్థానం ఐదవ అధ్యాయం విధించింది. అందుకు మార్గాన్నీ చెప్పింది. విషం వల్ల గాని, దీర్ఘవ్యాధి వల్ల గాని మరణించని, అంగలోపం లేని దేహాన్ని ఎంచుకోవాలి. దానిని ముంజగడ్డి, దర్భ, జనుము వంటివాటితో చుట్టి, బోనులో ఉంచి, మరుగైన చోట మెల్లగా పారే నీటిలో కుళ్లనివ్వాలి. ఏడు రాత్రుల తరువాత వెలికితీసి, వట్టివేళ్లు, వెంట్రుకలు, వెదురు మొదలైనవాటితో చేసిన కుంచెలతో మెల్లగా రుద్దుతూ, చర్మం మొదలుకొని ఒక్కొక్క పొరనూ పరిశీలించాలి.

ఈ పరిశీలన ఫలితం ఆ గ్రంథపు లెక్కలలోనే ఉంది. సుశ్రుతుడు దేహంలోని ఎముకలు 300 అన్నాడు. మెడ మొదలు పైభాగానికి 63 కేటాయించాడు. అందులో దంతాలే 32, శిరస్సుకు 6. చరకుడి లెక్కలో మొత్తం 360; శిరఃకపాలాలు 4. ఆధునిక శాస్త్రం వయోజనుడిలో 206 ఎముకలను, పుర్రెలో 22 ఎముకలను గుర్తిస్తుంది. మెదడును కప్పినవి 8, ముఖానివి 14. ప్రాచీనులు దంతాలను, మృదులాస్థులను కూడా ఎముకలుగానే లెక్కించడం ఈ భేదానికి ఒక ప్రధాన కారణం. కపాలపు అతుకులను సుశ్రుతుడు ‘సీమంతాలు’ అని పిలిచి, ఐదింటిని మర్మస్థానాలుగా పేర్కొన్నాడు. అక్కడ తగిలే దెబ్బ ఉన్మాదానికి, మతిభ్రమకు, మరణానికి దారితీస్తుందని హెచ్చరించాడు. గాయపడినవారిని దగ్గరగా చూచిన వైద్యుడి మాట ఇది.

అయితే ఈ పద్ధతికి హద్దు ఉంది. నీటిలో నానిన దేహంలో ఎముక మిగులుతుంది. మెదడు, సన్నని నాడులు కరిగిపోతాయి. పుర్రె అడుగుభాగాన ఉన్న మహారంధ్రం గుండా మెదడు వెన్నుపాముగా కొనసాగుతుంది. దాని చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల గుండా నాడులు వెలుపలికి వస్తాయి, రక్తనాళాలు రాకపోకలు సాగిస్తాయి. కంటి గూటి వెనుక రంధ్రం గుండా దృష్టినాడి సాగుతుంది. శిరస్సు పనిచేసేది ఈ లోపలి ద్వారాల వల్లనే. సుశ్రుతుడి స్రోతస్సుల పట్టికలో ఇవి లేవు.

లోపం ఉన్నదనడం సుశ్రుతుడి ఘనతను తగ్గించదు. విచారించవలసినది తరువాతి చరిత్రను. వాగ్భటుడు 360 లెక్కను, 16వ శతాబ్దంలో భావమిశ్రుడు సుశ్రుతుడి 300 లెక్కను అనుసరించారు. అంకెలు చేతులు మారాయి గాని, వాటిని సరిచూచే చేతులు కరవయ్యాయి. ‘చూచి తెలుసుకో’ అన్న గ్రంథమే చూడకుండా వల్లించే గ్రంథమైంది.

ఆ తెగిన దారాన్ని తిరిగి ముడివేసిన పేరు మధుసూదన్ గుప్తా. ఆయుర్వేదంలో పండితుడై, కలకత్తా సంస్కృత కళాశాలలో బోధించిన ఆయన 1835–36లో సుశ్రుత సంహితను పరిష్కరించి ముద్రింపజేశాడు. ఆ 1836లోనే, అంతకుముందు ఏడాది స్థాపితమైన కలకత్తా వైద్య కళాశాలలో, శవస్పర్శపై ఉన్న నిషేధాన్ని కాదని స్వహస్తాలతో శవచ్ఛేదం చేశాడు. 1907లో హోర్న్‌లే ప్రాచీన భారత అస్థివిజ్ఞానంపై గ్రంథం ప్రకటించి, సుశ్రుత చరకుల లెక్కలను ఆధునిక శరీరశాస్త్రంతో పోల్చి చూపాడు.

ప్రాచీన విజ్ఞానంలో అన్నీ ఉన్నాయనేవారూ, ఏమీ లేవనేవారూ ఆ గ్రంథాలను తెరిచి చూడనివారే. మధుసూదన్ గుప్తా ఒక చేత గ్రంథాన్ని, మరొక చేత శస్త్రాన్ని పట్టుకున్నాడు. సుశ్రుతుడు కోరిన శిష్యుడు అటువంటివాడే.